సిద్ధగోరా మైదానంలో చేప

నా అల్లుడు శామ్సన్‌తో నేను మాట్లాడను. నా భార్య విమలకుమారి పోయినప్పటి నుంచీ అంతే. ఆదివారాలు ఒకే బల్ల దగ్గర అన్నం తింటాం. ఉప్పు కావాలంటే కూతుర్ని అడుగుతాను.

ఆ రోజు పొద్దున్నే విమలకు గుండెల్లో నొప్పి వచ్చింది. కారు కాసిడీహ్‌లో, కూతురూ అల్లుడూ ఉండే ఇంట్లో ఉంది. కూతురు ఆ రోజు ఊళ్ళో లేదు. శామ్సన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి ఆటో దొరికింది. ఆస్పత్రి దారిలో సీతారాండేరా దాటకముందే ఆమె ప్రాణం పోయింది.

ఇప్పుడతనికి ఫ్లై ఫిషింగ్ పిచ్చి పట్టింది. అదీ ఉప్పునీళ్ళలో. ఎర ఉండదు. గాలానికి ఈకలూ మెరుపు దారమూ చుట్టి, దాన్నే ఫ్లై అంటారు. అది గాలికి ఎగిరిపోయేంత తేలిక. బరువంతా దారానిదే. ఆ దారాన్ని కొరడాలా వెనక్కీ ముందుకూ ఊపి విసరాలి. శనివారం సువర్ణరేఖ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్దామని, నన్నూ రమ్మని కూతురి చేత అడిగించాడు.

నేను సముద్రపు ఒడ్డున పుట్టాను. ఇంత దూరం వచ్చి, ఈ ఊళ్ళో ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపి ముసలివాణ్ణయ్యాను. మళ్ళీ ఒక్కసారి ఉప్పునీళ్ళలో నిలబడాలని ఉంది. ఎవరికీ చెప్పలేదు. కూతురు జెన్సీ కనిపెట్టి షరతు పెట్టింది.

"అక్కడ పోటు ఎక్కుతాది నాన్నా. ఒకల్నొకలు కేకేసుకోవాల. ఈయన్ని నోరిప్పి పిలవనంటే నిన్ను తీసుకెళ్ళం. బస్."

"చూద్దాంలే," అన్నాను.

గురువారం సాయంత్రం మా ఇంటి దగ్గరి సిద్ధగోరా మైదానంలో సాధన. టీ బండి సూరజ్ అరిచాడు. "చాచా, ఘాస్ మే కౌన్సీ మఛ్లీ?" గడ్డిలో ఏ చేప దొరుకుతుందని వాడి వేళాకోళం. శామ్సన్ నవ్వి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

విసరడం కొంత వచ్చింది. తర్వాత శామ్సన్ గాలం తీసేసి, దారం కొసను తన నడుముకు కట్టుకున్నాడు.

"ఇప్పుడు చేపని నేనే మావయ్యా. పరిగెడతాను. మీరు గాలం కర్ర పైకెత్తకండి. ఎడంచేత్తో దారం ఒక్క లాగు లాగి వదిలీండి. తర్వాత రీలే తిరిగి దారం వదులుతాది."

"జెన్సీ, అతను పుట్టకముందే నేను గాలం ఏసేనని చెప్పు."

"ఎదురుగానే ఉన్నాడుగా, నువ్వే చెప్పు," అని జెన్సీ టీ తేవడానికి వెళ్ళిపోయింది.

శామ్సన్ అటు తిరిగి పరుగందుకున్నాడు. నేను దారం లాగాను. లాగి, వేళ్ళకు రెండు చుట్లు వేసుకున్నాను. మా ఊళ్ళో తెప్ప మీద అందరం అలాగే పట్టేవాళ్ళం. అక్కడివి చిన్న చేపలు.

దారం బిగిసింది. వేళ్ళు ఒకదానిలోకి ఒకటి నొక్కుకుపోయాయి. విదిలించాను, రాలేదు. కర్ర పారేసి రెండో చేత్తో పీకాను. చుట్టు ఇంకా లోతుకు దిగింది. వేలి కొసలు నల్లబడుతున్నాయి.

పిలిస్తే ఆగుతాడు. పిలవలేదు. పళ్ళు బిగించి, దారం వదులవ్వాలని అతని వెనకే పరుగెత్తాను. అది ఇంకా తప్పు. దారం వదులైందని తెలియగానే, తప్పించుకునే చేపలాగా అతను వేగం పెంచాడు. ఒక్కసారి వెనక్కి చూస్తే చాలు. చూడలేదు. నేను మోకాళ్ళ మీద పడ్డాను. చెయ్యి ముందుకు సాగింది. చర్మం తెగింది.

"శామ్సన్!"

ఆగాడు. తిరిగి నా వైపు పరుగెత్తుకొచ్చాడు. మోకరించి, మణికట్టు పట్టుకుని చుట్లు విప్పాడు.

"పిలిచేరు మావయ్యా," అన్నాడు.

"ఆవేళా పిలిచేను. రాలేదు."

అతను నా వేళ్ళు నలుపుతూనే ఉన్నాడు. "నైట్ షిఫ్ట్ చేసొచ్చేను. ఫోను వంటింట్లో పెట్టి, తలుపేసుకుని పడుకున్నాను. కావాలనే. కుళాయి కారినా మీరు నాకే ఫోన్ చేసేవోరు. అదీ అలాంటిదే అనుకున్నాను."

"జెన్సీకి తెలుసా?"

"తెలీదు."

చెయ్యి లాక్కున్నాను. కొట్టేవాణ్ణే. ఆ చెయ్యి పిడికిలి కాలేదు.

జెన్సీ టీ గ్లాసులతో వచ్చింది. నెత్తురు చూసి, "ఏటైంది?" అని అరిచింది. శామ్సన్ నా మొహం వైపు చూశాడు.

"దారం కోసింది," అన్నాను.

"పిలిచేవా ఈయన్ని?"

"పిలిచేను."

"అయితే శనివారం వత్తన్నావా?"

నేను శామ్సన్ వైపు తిరిగాను. "నీళ్ళలో నా కేక వినబడేంత దగ్గర్లో నిలబడు. అవతలికి పోతే ఊరుకోను. ఇంటికొచ్చేక ఆ వంటింటి సంగతి నువ్వే దీనికి చెప్పు. నేను చెప్పను."

"ఏ సంగతి?" అంది జెన్సీ.

అతను తల ఊపాడు. నేను క్షమించలేదు. అతనూ అడగలేదు.

"లే. మళ్ళీ పరిగెత్తు," అన్నాను.

కర్ర ఏరి తెచ్చి నా చేతికిచ్చి, పరుగెత్తాడు. దారం ఈసారి నా వేళ్ళ మధ్య నుంచి జారిపోయి రీలును తిప్పింది. తెగిన వేళ్ళు ముడుచుకోవడం లేదు, దారం చుట్టుకోవడానికి.