కెమెరా వెనక ఊరు

ఫోటోలు తీసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. ఈ సంగతి వాళ్ళకే తెలియదు. కన్ను కెమెరాకి ఆనించి, ఇంకాస్త ఆకాశం రావాలనో, ఆ కొమ్మ పూర్తిగా పట్టాలనో ఒక అడుగు వెనక్కి వేస్తారు. తర్వాత ఇంకో అడుగు. వెనక గొయ్యి ఉందో, లారీ వస్తోందో చూసుకోరు. నా కూతురు ఇంకా బళ్ళో చదువుకునే రోజుల్లోనే కెమెరా పట్టింది. ఆ రోజు నుంచి దాని భుజాన వేలాడే సంచీ పట్టీని వెనక నుంచి పట్టుకుని నిలబడటం నా ఉద్యోగమైంది.

అసలా కెమెరా మాది కాదు. మా ఆయన పాడైన కెమెరాలూ గడియారాలూ బాగుచేసేవాడు. ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రాలేదు. చూసి చూసి, ఆయన దాన్ని పిల్ల చేతిలో పెట్టాడు.

“రేపు ఆ మనిషి పోలీసుల్ని వెంటబెట్టుకొస్తే ఏం చేస్తారు?” అన్నాను.

“నిన్ను చూపిస్తాను. నీ ప్రశ్నలకి జవాబు చెప్పలేక వాళ్ళే పోతారు,” అన్నాడు.

మా ఇంట్లో అసలు పేర్లతో పని లేదు. ఆయన నాకు పెట్టిన పేరు బ్రేకు. కూతురికి పిచ్చుక. సెలవురోజు మేమిద్దరం గుమ్మం దిగుతుంటే, “పిచ్చుకా, బ్రేకు బిగువుగా ఉందో లేదో చూసుకుని బయల్దేరు,” అనేవాడు. నవ్వు రానివ్వకుండా ముఖం పెట్టేదాన్ని గానీ, గొడుగు తీసుకోవడానికి వెనక్కి వెళ్ళినప్పుడు నవ్వుకునేదాన్ని.

దాని ఫోటోల్లో ఏముండేది? ఏమీ ఉండేది కాదు. మంగలి షాపు అద్దంలో కనపడే వీధి. కరెంటు తీగ మీద తడిసిన కాకులు. గోడ పగులులోంచి మొలిచిన చెట్టు, దాని కొమ్మకి ఎవరో ఆరేసిన సాక్సు. వాన నీటి గుంటలో తలకిందులుగా ఉన్న బస్సు. “ఇంత ఊళ్ళో ఇవే దొరికాయా నీకు? పార్కులో ఫౌంటెన్ తీయొచ్చుగా,” అనేదాన్ని. “ఫౌంటెన్‌ని అందరూ తీస్తారమ్మా. ఈ సాక్సుకి నేను తప్ప ఎవరున్నారు?” అనేది.

అది అటు చూస్తే నేను ఇటు చూసేదాన్ని. దాని వీపూ నా వీపూ ఆనుకునేవి. కుడిచేతిలో దాని పట్టీ, ఎడమచేతిలో గొడుగు. వచ్చే బండినల్లా చూసేదాన్ని, కుక్కల్ని చూసేదాన్ని, ఊరికే నిలబడ్డ మగవాళ్ళని చూసేదాన్ని. అందుకని ఈ ఊళ్ళో అది ఫోటో తీసిన ప్రతి చోటూ నాకు తెలుసు గానీ, రెండోవైపు నుంచి తెలుసు. సాక్సు చెట్టుకి ఎదురుగా నాకు రేకుల డబ్బాల షాపు. వాన బస్సుకి ఎదురుగా, మూతలేని మురిక్కాలవ. దాని దగ్గర ఉన్నది ఒక ఊరు, నా దగ్గర ఉన్నది ఇంకో ఊరు.

ఆ రోజుల్లో రీలు ఉండేది. రీలు మొత్తం అయ్యేదాకా కడగడానికి ఇచ్చేవాళ్ళం కాదు. ఒక రీలు సగంలో ఉండగా ఆయన పోయాడు. షాపులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె అన్నారు. ఆ తర్వాత పిచ్చుక చాలారోజులు కెమెరా ముట్టుకోలేదు. ఎప్పటికో ఆ మిగతా సగం పూర్తిచేసి, కడిగించి తెచ్చింది. అందులో ఒక ఫోటో ఉంది.

కాలువ పక్క రోడ్డు, కాలువ మాత్రం ఫోటోలో పడలేదు. అప్పుడే వాన వెలిసింది. పెద్ద చెట్టు కింద తడి రోడ్డంతా పచ్చటి పూలు అతుక్కుని ఉన్నాయి. దూరంగా నీళ్ళ ట్యాంకు. నడిమధ్యలో, ఒక చేత్తో సైకిలు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఒక మనిషి. వేలెడంత కూడా లేడు. అయినా ఆ భుజం వాలు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఆయనే. ఎవరిదో గడియారం ఇచ్చి రావడానికి అటు వచ్చి, సందులోకి తిరిగి వెళ్ళిపోయినట్టున్నాడు.

“పూలు చూస్తున్నానమ్మా, మనిషిని చూసుకోలేదు,” అంది పిచ్చుక. నేను సరేసరి, ఎప్పటిలాగే వెనక్కి తిరిగి ఉన్నాను.

ఆ సాయంత్రం ఆయన మామూలుగానే ఇంటికొచ్చాడు, చేతులకంటిన నూనె సబ్బుతో తోముకున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఆ మాటే ఎత్తలేదు. మరి ఆ చెయ్యి ఎందుకెత్తాడు?

“టాటా చెప్పాడమ్మా. అంతే,” అంటుంది పిచ్చుక, ఇన్నేళ్ళుగా.

“టాటా చెప్పినవాడు ఇంటికొచ్చాక ఆ మాట చెప్పడా?”

నా భయం వేరే. అప్పుడే ఆయనకి గుండెలో పట్టేసి ఉంటుంది. రమ్మని పిలిచి ఉంటాడు. నేను తిరగలేదు. కాసేపటికి నొప్పి తగ్గి ఉంటుంది. ఇది అసలే భయస్తురాలు, చెబితే ఊరు లేపుతుంది అని నా దగ్గర దాచి ఉంటాడు. తాడుని చూసి పామనుకునే రకం నేనే అని నాకూ తెలుసు. కానీ ఒక్కోసారి పాము కూడా ఉంటుంది కదా.

ఇప్పుడు పిచ్చుక తల కూడా అక్కడక్కడ నెరుస్తోంది. దాని ఫోటోలు ఒక అచ్చాఫీసు ఆయనకి నచ్చాయి. ఎడమ పేజీలో పాత ఫోటో, కుడి పేజీలో అదే చోటు ఇప్పుడెలా ఉందో కొత్త ఫోటో, అలా పుస్తకం వేద్దామన్నాడు. చిక్కేమిటంటే, సగం చోట్లు దానికి గుర్తు లేవు. ఉన్నవి కూడా గుర్తుపట్టేలా లేవు. గోడ లేదు, చెట్టు లేదు, సాక్సు సంగతి సరేసరి.

“ఇదెక్కడమ్మా?” అని ఫోటో చూపించేది.

“ముందేముందో నాకేం తెలుసు. వెనకాల రేకుల డబ్బాలవాడు రోజంతా డబడబలాడించేవాడు,” అనేదాన్ని. రేకుల షాపు మేడ అయింది గానీ, దాని పక్కనున్న రాతి అరుగు అలాగే ఉంది. అరుగుకి వీపు పెట్టి నిలబడితే, అదే చోటు. అలా ఒక్కొక్కటీ దొరికాయి. “ఊరంతా ముందు నుంచి మారిందమ్మా, వెనక నుంచి మారలేదు,” అని నవ్వేది.

చివరి పేజీకి నాన్న ఫోటో పెట్టాలని దాని పట్టుదల. అదొక్కటే దొరకలేదు.

“బాగా ఆలోచించు. వెనకాలేముంది?”

“తాళాలు బాగుచేసే అతని బండి.”

“ఆ బండి ఊరంతా తిరిగేది. ఇంకేముంది?”

“కాలువ ఇనుప కమ్మీ. దానికే గొడుగు తగిలించాను. ఎడమచేతి పక్కనే ఉంది, కాలువ ఎడమవైపు, అది మాత్రం ఒట్టేసి చెబుతాను.”

ట్యాంకుకేసి చూస్తూ, కాలువ ఎడమవైపు ఉండేలా ఆ గట్టు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచాం. నా మోకాళ్ళు మొరాయిస్తున్నా, అది ఒక్కతీ వెళుతుందంటే మనసొప్పలేదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, పాత ఫోటో చేత్తో పట్టుకుని, నీళ్ళ ట్యాంకుతో సరిచూసేది. ట్యాంకు చెట్టుకి ఒకసారి మరీ దూరం, ఒకసారి చెట్టు వెనకే మాయం. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. అదే తంతు. ఆ రోడ్డు మీద లారీలు. నేను పట్టీ పట్టుకునే ఉన్నాను.

అచ్చాఫీసు ఆయన ఫోన్ చేశాడు. “సోమవారం మిషనెక్కిస్తామండీ. ఆ ఒక్క పేజీకి వేరే ఏదైనా పెట్టేద్దాం,” అన్నాడట. అయ్యవారొచ్చేదాకా అమావాస్య ఆగదు కదా.

రాత్రికి పిచ్చుక కూర తరగడానికి నిలబడింది గానీ ముక్కలన్నీ వంకరటింకరగా పడుతున్నాయి. లోపల నాకు పాపిష్ఠి ఆలోచన ఒకటి కదిలింది. పోనీలే, దొరక్కపోతేనే మంచిదేమో. ఆ చోట నిలబడితే, ఆయన పిలిచినట్టు రూఢి అయిపోతే, నేనేం చేసుకోను.

మా వంటిల్లు ఇద్దరు తిరిగేంత వెడల్పు లేదు. నేను పొయ్యివైపు, అది గట్టువైపు. వీపులు రాసుకుంటాయి. నూనె కాగిపోతోంది.

“ఉప్పు డబ్బా ఇలా అందించవే, ఎడమవైపే ఉంది,” అన్నాను.

అది దాని ఎడమవైపు తడిమింది. “ఇక్కడేదీ? ఇక్కడ చాకు ఉంది.”

“ఎడమవైపంటే ఇటు. కళ్ళెదుటే ఉందిగా.”

“అది నీ ఎడమ, నాకు…” అని ఆగింది. చేతిలో కూర ముక్కలు అలాగే ఉన్నాయి. “అమ్మా. కాలువ ఎవరి ఎడమ?”

“నా ఎడమే. గొడుగు తగిలించింది నా ఎడమచేత్తోనేగా.”

“నువ్వు అటు తిరిగి ఉన్నావుగా.”

తాలింపు మాడిపోతోందని గరిట తిప్పుతూనే ఉన్నాను గానీ, నాకూ వెలిగింది. వీపుకి వీపు పెట్టుకున్న ఇద్దరికి ఎడమ ఒకటెలా అవుతుంది? నా ఎడమ దాని కుడి. ఈ రెండ్రోజులూ కాలువకి ఇవతలి గట్టున వెతికాం. ఆ ఫోటో అవతలి గట్టుది.

పొద్దున్నే బయల్దేరాం. అవతలి గట్టు మీద బండ్లు ఆపేసి చాలాకాలమైంది. ఇప్పుడది నడవడానికే. ముసలివాళ్ళు చేతులూపుకుంటూ తిరుగుతున్నారు. కమ్మీ మాత్రం పాతదే, రంగు వేశారు. కొంచెం దూరం నడిచామో లేదో పిచ్చుక ఆగిపోయింది. పాత ఫోటో పైకెత్తి పట్టుకుంది. ట్యాంకు వచ్చి దాని చోట్లో అది కూర్చుంది. పెద్ద చెట్టు లేదు, మొద్దు ఉంది. మొద్దు పక్క నుంచి సన్నగా ఒక కొమ్మ లేచి, నాలుగు పచ్చటి పూలు పూసింది.

“ఇదే,” అంది.

నేను అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, పట్టీ పట్టుకున్నాను.

“వదులమ్మా. ఇక్కడ బండ్లు రావుగా.”

“సైకిళ్ళు రావా? ఆ కమ్మీ చూడు, నడుం దాకా కూడా లేదు.”

“నువ్వు అక్కడికి వెళ్ళాలి. మొద్దు దగ్గరికి. నాన్న నిలబడ్డ చోట ఒక మనిషి ఉండాలి ఫోటోలో.”

“నేనా? నన్నెందుకు, ఆ చేతులూపుకునే ఆయన్ని అడుగు.”

“ఆయన నాకేమవుతాడు?”

మొద్దువైపు నడిచాను. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగాను. “వెనక్కి అడుగెయ్యకు,” అన్నాను. “నువ్వు ముందు చూసి నడువు, మొద్దు తగిలి పడతావు,” అంది. పట్టీ లేని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిచ్చుక వెనక ఎవరూ లేరన్నది ఒక దడ. ఆయన నిలబడిన చోటికి వెళుతున్నానన్నది ఇంకొకటి.

మొద్దు దగ్గర ఆగి, ఇటు తిరిగాను.

ఆయనకి కనపడింది ఇదన్నమాట. దూరంగా నా పిల్ల, కన్ను కెమెరాకి ఆనించి, ఒక మోచెయ్యి బయటికి పెట్టి, చిన్నప్పుడు ఎలా నిలబడేదో అలాగే. ఆ రోజు దాని వెనక నేనూ కనపడి ఉంటాను. కమ్మీకి గొడుగు, ఆవుదూడ తాడు పట్టుకున్నట్టు పిల్ల సంచీ పట్టీ, ఎక్కడ లారీ వస్తుందోనని మెడ చాచి. బ్రేకు తన డ్యూటీలో ఉంది. ఆయన చూసి నవ్వుకుని ఉంటాడు. నవ్వుకోకుండా ఎలా ఉంటాడు.

కాసేపటికి పిచ్చుక కెమెరా దించింది. నా దగ్గరికి నడిచి వచ్చి, వెనకనున్న చిన్న తెరలో ఫోటో చూపించింది. చెట్టు లేని ఆకాశం, ట్యాంకు, మొద్దు. మొద్దు పక్కన చీర కుచ్చిళ్ళు సరిగా లేని ఒక ఆడమనిషి, ఒక చెయ్యి పైకెత్తి.

“చెయ్యెత్తమని నేను చెప్పలేదే,” అంది.

“నేనూ అనుకోలేదు.”

“ఏమైంది? నొప్పేమన్నా వచ్చిందా?”

“ఏమీ కాలేదు. నువ్వు కనపడ్డావు.”

అది నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళుగా అంటూ వచ్చిన ఆ టాటా మాటే అంటుందనుకున్నాను గానీ అనలేదు. పాత ఫోటోని జాగ్రత్తగా కవర్లో పెట్టింది.

ఆ సాయంత్రం ఆయన ఆ మాట ఎందుకెత్తలేదో ఆలోచిస్తూ నడిచాను. రోడ్డు మీద నిన్ను చూసి చెయ్యి ఊపానని ఇంటికొచ్చి ఎవరు చెబుతారు. చేతుల నూనె కడుక్కునేసరికే మరిచిపోయి ఉంటాడు. నేనైనా అంతే కదా.

గట్టు అయిపోయి పెద్ద రోడ్డు వచ్చింది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వస్తోంది. పిచ్చుక సంచీ పట్టీ వెనక నుంచి అందుకున్నాను.

“ఇప్పుడు ఫోటో తీయడం లేదుగా,” అంది.

“నడువు,” అన్నాను.