బాత్రూములో జారలేదు

ఇలా నా పక్కకి జరుగు, అమ్మడూ. ఆ ఫోను కాస్త అవతల పెట్టు. మీ అమ్మ మోకాలి మీద కుట్ల మచ్చ సంగతి వాళ్ళూ వీళ్ళూ చెప్పింది కాదు, నేను చెప్తాను విను.

మీ తాత ఫుట్‌బాల్ క్లబ్బులో కోచ్. ఆయన బూట్లూ మీ మామయ్య బూట్లూ కడగడం నా పని. బురద గీకుతుంటే లోపలి చెమట కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. "ఆటగాడి చెమటే, కడిగితే పుణ్యం" అనేవాడు మీ తాత. పుణ్యమైతే ఆయనే మూటగట్టుకోవచ్చుగా!

మీ అమ్మ ఆడపిల్లల జట్టులో చేరి ఆయన్ని కొత్త బూట్లు అడిగింది. "అన్న బూట్లు చాల్లే, వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకో" అన్నాడు. అవి నానిన పచ్చిక మీద జారకుండా వేసుకునేవి, అడుగున మేకుల్లాంటి పొడుగాటి ఇనుప స్టడ్లు. ఆ పచ్చికేమో మగపిల్లలకే. ఆడపిల్లలకి వెనకాల ప్లాస్టిక్ గడ్డి. బంతి కోసం పిల్ల చటుక్కున తిరిగింది. స్టడ్లు గడ్డిలో దిగబడ్డాయి. నడుము తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలు పటుక్కుమన్న చప్పుడు గట్టు మీదున్న నాకు వినబడింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎలా పడిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మీ తాత, "బాత్రూములో జారిందండీ. ఆడపిల్లల మోకాళ్ళు కదా, పుల్లలు" అని నవ్వాడు. నా వైపు వంగి, "క్లబ్బు పరువు పోతుంది, నోర్మూసుకో" అన్నాడు. మీ అమ్మ పళ్ళు బిగబట్టి ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ నవ్వు కన్నా బూట్ల కంపే నయం, కడిగితే పోతుంది. రేపు మిగతా పిల్లలూ అలాంటి బూట్లే తొడుక్కుని అదే గడ్డి మీదికి దిగుతారు. ఇంకో మోకాలు, ఇంకో బాత్రూము.

"జారలేదమ్మా" అన్నాను. మొత్తం చెప్పేశాను.

"అందరివీ ఇలాంటి బూట్లేనా?" అంది డాక్టరమ్మ.

"అందరివీ అన్నలవేనమ్మా. అన్నల్లేనివాళ్ళకి పక్కింటి అన్నలవి."

తగిన బూట్లు వచ్చేదాకా ఆడపిల్లల్ని ఆ గడ్డి మీదికి దించొద్దని ఆవిడ క్లబ్బుకి గట్టిగా రాసింది. మిగతా పిల్లల మోకాళ్ళు దక్కాయి. మీ అమ్మ మాత్రం మళ్ళీ ఆడలేదు. మీ తాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఇంట్లో అంత హాయి ఎప్పుడూ ఎరగను.

పోయేదాకా ఆయన ఊరందరికీ బాత్రూమనే చెప్పాడు. చుట్టాలు ఇప్పటికీ అదే అంటారు. నువ్వు విన్నప్పుడల్లా వాళ్ళని మధ్యలోనే ఆపు, తల్లీ. ఆపి, మొదటినుంచి చెప్పు.