నాలుగో గేటు

సిడ్నీకి అవతల మడ్జీ కొండల్లో ద్రాక్షతోటల మధ్య చలపతి గేటు పట్టుకుని నిలబడ్డాడనీ, సింధుజ రాణిగారిలా సైకిలు దిగకుండానే దాటిపోయిందనీ హారిస్ పార్క్ మిఠాయి కొట్టులో శేషుకుమారి చెప్పిందనీ, ఆమెకి వాళ్లాయన సైకిలు గ్రూపులో వచ్చిన ఫోటో ఫోనులో చూపించాడనీ, ఎదురు ఫ్లాటు శారదాంబ గారు వచ్చి చెప్పింది. చెప్పి ఊరుకుందా? "నేను కళ్లతో చూసిందాన్ని కాదమ్మా, నాకెందుకొచ్చిన గొడవ," అంటూనే ఆ ఫోటో తెరిచి శ్యామసుందరి ముక్కు కింద పెట్టింది.

ఉన్నది చలపతే. బిగుతు లాగూ, ఆకుపచ్చ చొక్కా, మట్టి కొట్టుకున్న పిక్కలు. ఒక చేత్తో సైకిలు, రెండో చేత్తో ఇనుప గేటు. ముఖం మీద పెళ్లివారికి ఎదురొచ్చినవాడి నవ్వు.

"మర్యాద తెలిసిన మనిషమ్మా మీ ఆయన," అంది శారదాంబ, టీ కప్పు కింద పెడుతూ. "మావాడు కారు తలుపైనా తియ్యడు."

"అవునాంటీ, మహా మర్యాద," అంది శ్యామసుందరి. మంట అంటుకున్నది అక్కడే.

ఆడా మగా కలిసి సైకిళ్లు తొక్కడం ఆమెకు వింతా కాదు, తప్పూ కాదు. సింధుజ వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు, కరీంనగర్ పిల్ల. మొగుడు పెర్త్ అవతల గనుల్లో రెండు వారాలు పనిచేస్తే ఒక వారం ఇంటికొస్తాడు. నెలకో శనివారం అయిదారుగురు కలిసి మడ్జీ వెళ్లేవాళ్లు. చలి మొదలయ్యేసరికి ఒక్కొక్కరే జారుకుని చివరికి ఇద్దరు మిగిలారు. ఇవన్నీ తెలిసినవే. తెలియనిదల్లా ఆ గేటు.

పంతొమ్మిదేళ్ల కాపురంలో చలపతి ఆమె కోసం ఆగిన చోటు ఒక్కటి లేదు. నడిస్తే పది అడుగులు ముందుంటాడు. పెళ్లయిన కొత్తలో చీరాల బజారులోనూ అంతే, ఇప్పుడు హారిస్ పార్కులోనూ అంతే. సిడ్నీలో దిగిన రోజున పెట్టెలు లాక్కుంటూ వెళ్లి టాక్సీలో కూర్చున్నాకగానీ పెళ్లాం గుర్తుకు రాలేదు. లిఫ్టు తలుపు ఆమె ముఖం మీదే ఎన్నిసార్లు మూసుకుందో లెక్కలేదు. ఆ వీపుని చూసీ చూసీ, ఏ చొక్కా వెనక ఎక్కడ ముడత పడుతుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. మనిషి తీరే అంత, ఎవరికీ ఆగడు కాబట్టి నాకూ ఆగడు అనుకుని సర్దుకుంది. తీరా చూస్తే మహానుభావుడికి ఆగడం వచ్చు!

ఆ సాయంత్రం చపాతీలు ఒత్తుతూ అంది, "ఈసారి మడ్జీ నేనూ వస్తా."

"నువ్వా? ఎందుకూ?"

"సైకిలు తొక్కడానికి. మీరెందుకెళ్తున్నారు మరి?"

"అది గ్రావెల్ రోడ్డే. కారనేది కనపడదు, నిజమే. కానీ ఎక్కడాలూ దిగడాలూ ఉంటాయి. కంకర మీద చక్రం జారితే మోకాళ్లు చెక్కుకుపోతాయి."

"హైస్కూలుకి అయిదు కిలోమీటర్లు కాలవగట్టు మీద తొక్కాను, వెనకాల చెల్లెల్ని ఎక్కించుకుని. అప్పుడేమన్నా మీ ఆస్ట్రేలియా వాళ్లొచ్చి తారు పోసి వెళ్లారా?"

చలపతి ఇంకో చపాతీ తుంచుకున్నాడు.

మూడు వారాలు పారమాటా పార్కులో తొక్కింది. కాళ్లకు పాత సంగతులన్నీ గుర్తుకొచ్చాయి. మే నెలలో, ఇక్కడి చలి ముదురుతుండగా ఒక శనివారం, ముగ్గురూ మూడు సైకిళ్లు కారుకి కట్టుకుని తెల్లవారుతూనే బయల్దేరారు. "అక్కా, నువ్వు ముందు కూసో," అని సింధుజ తనంతట తనే వెనక సీట్లో కూర్చుంది. అద్దంలోంచి చూసుకోవాలంటే వెనకైతేనే వీలు మరి, అనుకుంది శ్యామసుందరి. దారి పొడుగునా ఆ అద్దాన్నే కాపలా కాసింది. చలపతి అందులోంచి చూసిందల్లా వెనక వచ్చే లారీలనే.

మడ్జీలో దిగాక చలపతి సైకిళ్ల టైర్లు నొక్కి చూశాడు. కంకర మీద పట్టు దొరకాలంటే గాలి కొంచెం తగ్గించాలట. సింధుజ టైరు రెండుసార్లు నొక్కాడు. పెళ్లాం టైరు ఒక్కసారే నొక్కాడు. ఇదీ శ్యామసుందరి దృష్టిలోంచి తప్పించుకోలేదు.

"దారిలో నాలుగు గేట్లొస్తాయి," అని చెప్పాడు ఇద్దరికీ. "గొర్రెల కోసం పెట్టినవి. తీసున్నది తీసినట్టు వదిలెయ్యాలి. మూసున్నది మళ్లీ మూసి గొలుసు పెట్టాలి. రైతుకి కోపమొచ్చిందంటే ఇంకోసారి రానివ్వడు."

దారి బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికే ఆమెకు కష్టమయింది. పళ్ల కోత అయిపోయి, ద్రాక్ష ఆకులు పండి, కొండవాలు పసుపు ఆరబోసినట్టుంది. సాళ్ల మధ్య గొర్రెలు మేస్తున్నాయి. చక్రాల కింద కంకర మరమరాలు నమిలినట్టు చప్పుడు చేస్తోంది. ఇంత మంచి దారిని తనకు చూపించకుండా ఎన్ని శనివారాలు దాచుకున్నాడు అనిపించి, బాగున్నకొద్దీ మండింది.

మొదటి గేటు. చలపతి దిగి తీసి పట్టుకున్నాడు. ఫోటోలో ఉన్న నవ్వే. సింధుజ దాటింది. వెనకే ఇరవై గజాల దూరంలో శ్యామసుందరి వస్తోంది. చలపతి గేటు వదిలేసి సైకిలెక్కుతూ, "వచ్చేటప్పుడు గొలుసు పెట్టేసి రా," అని కేకేశాడు.

"అక్కా, నేను పెడ్త, నువ్వు పో," అని సింధుజ ఆగబోయింది.

"వద్దులేమ్మా. నాకు అలవాటే."

రెండో గేటు ఎత్తు మీద ఉంది. ఆమె రొప్పుతూ సగం ఎక్కేసరికి పైన ఇద్దరూ ఆకాశానికి అడ్డంగా కనిపించారు. ఆయన పట్టుకున్నాడు, ఆ పిల్ల దాటింది, నవ్వులు వినిపించాయి. ఆమె వెళ్లేసరికి గొలుసు పెట్టిన గేటు ఉంది, మనుషులు లేరు. ఒక గొర్రె మాత్రం నిలబడి ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వొక్కదానివే తక్కువ," అని దాన్ని తిట్టి, గొలుసు తీసింది.

యూకలిప్టస్ చెట్టు కింద పులిహోర డబ్బా తెరిచారు. సింధుజ సీసాలో నీళ్లు పట్టుకోవడానికి తోటలోని షెడ్డు దగ్గరికి వెళ్లింది. అప్పుడు అడిగింది శ్యామసుందరి.

"ఆ పిల్ల వస్తుంటే గేటు పట్టుకుంటారు. నేనొస్తుంటే పట్టుకోరే?"

చలపతి నిజంగానే ఆలోచించాడు. దొరికిపోయిన మనిషి ముఖం కాదది. లెక్క చెప్పమన్న కుర్రాడి ముఖం.

"ఆ అమ్మాయి వెనకాల వస్తోందో లేదో నాకు తెలీదు కదా. ఆగి చూడాలి. నువ్వు ఎటూ వస్తావు. నువ్వు వస్తావని నాకు తెలుసు."

అని, అదేదో సన్మానం చేసినట్టు, "ఊరమిరపకాయ ఇంకోటి వెయ్యి," అన్నాడు.

ఆమె వేసింది. నమ్మకం అనుకుంటే నమ్మకమే. కానీ ఆమె చెవికది ఇంట్లో బీరువా గురించి చెప్పినట్టుంది. బీరువా ఎక్కడికి పోతుందని ఎవరు వెనక్కి తిరిగి చూస్తారు? అంతకంటే ఆ పిల్ల మీద మనసు పడ్డానని చెప్పినా బాగుండేది, జుట్టు పట్టుకుని పోట్లాడ్డానికైనా ఉండేది.

మూడో గేటు తీసే ఉంది. ముగ్గురూ వరసగా దాటారు. అక్కణ్నుంచి దారి కిలోమీటరు పొడుగున దిగుడే. కిందెక్కడో నాలుగో గేటు అగ్గిపెట్టెంత కనిపిస్తోంది.

చలపతి రెండు బ్రేకులూ నొక్కిపట్టి, వేడి పాలగిన్నె మోస్తున్నవాడిలా దిగుతున్నాడు. సింధుజ ఆయన వెనక. శ్యామసుందరి బ్రేకుల మీద నుంచి వేళ్లు తీసేసింది. కాలవగట్టు మీద నేర్చిన విద్య ఒకటే: భయపడితే చక్రం తిరగబడుతుంది, వదిలేస్తే అదే దారి చూసుకుంటుంది. సీటు మీంచి కాస్త లేచి, మోచేతులు వదులు చేసి, వదిలేసింది. సింధుజని దాటింది. "అబ్బ, అక్కా! మస్తు పోతున్నవ్!" అని ఆ పిల్ల కూడా బ్రేకులు వదిలి వెంటపడింది. చలపతిని ఇద్దరూ దాటారు. దాటుతున్నప్పుడు ఆమె ఆయన ముఖం చూసింది. సైకిళ్ల మీదైనా, కాళ్ల మీదైనా, ఆ ముఖాన్ని పక్కనుంచి చూడటం అదే మొదలు.

గేటు దగ్గర దిగి, గొలుసు తీసి, పట్టుకుంది. సింధుజ దాటుతూ, "థాంక్స్ అక్కా," అంది. చెమట పట్టిన ముఖం విచ్చుకుంది. ఓహో, ఇదన్నమాట, అనుకుంది శ్యామసుందరి. చేసేది ఇంత పని, దానికి ఇంత నవ్వు. నెలనెలా ఈయనగారు ఇక్కడికొచ్చి తీసుకెళ్తున్నది ఈ నవ్వునే.

చలపతి ఇంకా పైనుంచి దిగుతున్నాడు. గేటు తీసి ఉండటం చూశాడు. దాన్ని ఎవరు పట్టుకున్నారో చూశాడు. చూసి, తొందరేం లేదన్నట్టు ఒక చేయి వదిలి, నీళ్ల సీసా తీసుకుని తాపీగా తాగాడు.

ఆమె సైకిలుతో గేటు దాటి సింధుజ వైపుకి వచ్చింది. గేటు మూసింది. గొలుసు చుట్టి కొక్కెం తగిలించింది.

ముప్పై గజాల్లోకి వచ్చాక చలపతికి సంగతి అర్థమై, బ్రేకు నొక్కి, కాస్త జారి, గేటుకి ఛాతీ ఆనించి ఆగాడు. సింధుజ అటూ ఇటూ చూసి హెల్మెట్ పట్టీ సవరించుకుంది.

"అదేంటే? నేను ఇంకా ఇవతలే ఉన్నాగా! కనపడలేదా నీకు?"

"కనపడ్డారు. మీరు ఎటూ వస్తారు కదా, అందుకే మూసేశా."