చిన్న బల్ల

ఆ పొద్దున ఆకాశంలో ఒకే ఒక్క మబ్బు.

పడమటి గుట్ట మీదికి వచ్చింది. నిలబడింది. కురవకుండానే కరిగిపోయింది. తర్వాత ఎండ... నూకల రంగు ఎండ.

గొల్లపల్లి ఊరంతా బీడీల తునికాకు తెంపను అడవికి పోయింది. ఉప్పలమ్మ కూడా మసకచీకట్లోనే పోయింది. ఇంటి దగ్గర ఆమె మొగుడు రామయ్య మిగిలాడు. చూరుకు వేలాడే మద్దికొమ్మ మిగిలింది. కొమ్మ మీద మొక్క మిగిలింది.

మట్టి ఎరగని మొక్క అది.

గాలిలో ఆకులు. గాలిలోనే వేళ్లు. గాలిదుమారానికి మద్దిచెట్టు విరిగిన ఏడాది ఉప్పలమ్మ దాన్ని కొమ్మతో సహా ఇంటికి తెచ్చింది. తీగతో చూరుకు కట్టింది. రోజూ బియ్యం కడిగిన నీళ్లు చిలకరించింది. ఎండలు వచ్చాయి, వానలు వచ్చాయి, మళ్లీ ఎండలు. పూయలేదు. కూరకా, నారకా అని ఇరుగుపొరుగు నవ్వారు. ఆమె చిలకరిస్తూనే ఉంది.

ఈ ఎండల్లో పూసింది.

ఒక్క కాడ. కాడ నిండా బూడిదరంగు పూలు, నడుమ నీలం నాలుక. వాసన పొద్దున ఒక తీరు — ఎండెక్కితే ఇంకో తీరు.

ఇట్లాంటివాటిని టౌనులో ఆర్కిడ్లు అంటారని చెప్పింది అడవిని చూసే జంగ్లాత్ ఆఫీసులో పనిచేసే సంజయ్. బండి మీద ఊళ్లు తిరుగుతూ వచ్చాడు. జిల్లా టౌనులో పూల మేళా ఉందన్నాడు. అక్కడ మొక్కల్ని సైజును బట్టి వేరు చేస్తారట. అరడుగు లోపు చిన్నవి. అడుగు లోపు నడిమివి. అడుగు దాటితే పెద్దవి. మూడు సైజులకు మూడు బల్లలు. ఏ బల్ల మీది మొక్కకు ఆ బల్ల మీదివాటితోనే పోటీ. పెద్ద బల్ల మీదికి నర్సరీల మొక్కలు వస్తాయి, అరచేయంత పూలతో... అక్కడ మీ మొక్క కంటికి ఆనదు అన్నాడు.

ఎక్కడినుంచి ఎక్కడికి కొలుస్తారో అతను చెప్పలేదు. వీళ్లు అడగలేదు.

అతను పోయాక ఉప్పలమ్మ ఒకే మాట అన్నది.

"బహుమానం నాకేంటికి. నలుగురు సూస్తే సాలు."

రామయ్య విన్నాడు.

మేళా పొద్దున, ఆమె అడవికి పోయాక, జాన పరిచి కొలిచాడు. ఆకులు జానలో సగానికి కాస్త ఎక్కువ. వేళ్లు మూరెడు. రెండూ కలిపితే — పెద్ద బల్ల.

నారు పీకే చేతులు అవి. నారును వేరు కొస నుంచి ఆకు కొస దాకా చూసే చేతులు. బురద కడిగి, పొడుగు వేళ్లను మెలిపెట్టి తెంపే చేతులు. తెంపితేనే మడిలో కొత్త వేరు తొందరగా దిగుతుంది. తాత అట్లానే నాటాడు. తండ్రి అట్లానే నాటాడు.

కొడవలి తీశాడు.

తెల్లటి వేళ్లు. కొసల్లో పచ్చ. ఒక్కొక్కటే... చప్పుడు లేదు. కొమ్మకు సమంగా కోశాడు. తడి గోనెలో చుట్టాడు, పూలకాడ మాత్రం బయటికి ఉంచి.

ఉప్పలమ్మ వచ్చింది. ఆకు మూట దించింది. చీర మార్చుకుంది. ఆమెకు పూలు కనిపించాయి. వేళ్లు ఉన్నచోట గోనె కనిపించింది.

టౌనుకు పోయే జీపు దగ్గర పక్కింటి హడ్మా ఎదురయ్యాడు.

"ఏంది బావా, పిల్లను అత్తగారింటికి తోలుతున్నవా? ముసుగు గూడ ఏసినవ్."

ఉప్పలమ్మ నవ్వింది. దారంతా కాడకు చేయి అడ్డం పెట్టి కూర్చుంది. గుంతల దారి. ఒక్క పువ్వు రాలలేదు.

మేళాలో మొక్కల్ని కొలిచే అమ్మాయి ఊర్మిల. చేతిలో సన్నటి స్కేలు. గోనె తనే విప్పింది. అన్నిటికన్నా కింది ఆకు మొదట్లో స్కేలు ఆనించి, పై ఆకు కొస దాకా చూసింది. అరడుగు లోపే. తర్వాత ఒక పువ్వుకు అడ్డంగా పట్టింది, రేకు కొస నుంచి రేకు కొసకు... తగలకుండా.

అప్పుడు కొమ్మ కిందికి చూసింది.

వేళ్లేవని హిందీలో అడిగింది. రామయ్య చేత్తో కోసినట్టు చూపించాడు. చిన్న బల్ల కోసం అన్నాడు.

"జడ్ నహీ నాప్‌తే, దాదా."

వేళ్లు కొలవరు. ఎవరూ కొలవరు. కోయకపోయినా చిన్న బల్లే. ఇది నీళ్లు తాగేది ఆ వేళ్లతోనే... ఆ అమ్మాయి మెల్లగా చెబుతూనే ఉంది. మళ్లీ వస్తాయా అని ఉప్పలమ్మ అడిగింది.

రావచ్చు. రాకపోవచ్చు. వానల దాకా ఓర్చుకోవాలి.

మొక్క చిన్న బల్ల ఎక్కింది. జనం వచ్చారు. వంగి వాసన చూశారు. ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు. నలుగురు కాదు — చాలామంది. ఉప్పలమ్మ బల్ల పక్కనే నిలబడింది. పూలవైపు చూడలేదు. కొమ్మ కింద తెల్లటి మొండి కొసలను చూసింది. బహుమానం ఏ మొక్కకో వచ్చింది. చప్పట్లకు ఆమె అటు తిరగలేదు.

తిరుగుదారిలో కొమ్మ ఆమె ఒళ్లో ఉంది. ఈసారి కాడకు చేయి అడ్డం పెట్టలేదు. ఆ చేయి కొమ్మ కింద ఉంది.

ఇంటికి వచ్చాక చూరుకు తనే కట్టింది. నీళ్లు చిలకరించింది. నీళ్లు మొండి కొసల మీద నిలవలేదు, జారిపోయాయి.

"ఒక్క మాట నన్ను అడగకపోతివి," అన్నది.

"వరి నారు లెక్క అనుకున్న," అన్నాడు రామయ్య.

ఆమె పొయ్యి అంటించింది. జావ కాచింది. మామిడికాయ తొక్కు తీసింది. రోజూ ఇద్దరూ గోడకు ఆనుకుని పక్కపక్కన తింటారు. ఈ పూట అతని ముంత చూరుకు ఎదురుగా పెట్టింది. తను చూరుకు వీపు పెట్టి కూర్చుంది.

అతను కూర్చున్నాడు.

ముంత ఎత్తినప్పుడల్లా ఎదురుగా కొమ్మ. దించినప్పుడు ఆమె మొహం.

తొక్కు ఆమె వైపు జరిపాడు. తీసుకుంది.

ఇద్దరూ తాగారు, చల్లారుతున్న జావ.