లోయిస్ మామ్మ మోకాళ్ళ పీట

నేను ఒక మోకాళ్ళ పీటను. జానెడు ఎత్తు, రెండు కాళ్ళు, మీద ఒకే ఒక టేకు పలక. భోజనానికి కూర్చోవాలంటే ఇరుకు, కూరలు తరగాలంటే ఎత్తు. మనిషి నా మీద మోకరిస్తేనే నేను పీటను. లేకపోతే ఉత్త చెక్కముక్కను.

నన్ను చేసింది ఓబేదు మేస్త్రి. నరసాపురం దిగువన గోదావరి గట్టు మీద పడవలు కట్టేవాడు. అప్పటికి అతనికి కొత్తగా పెళ్ళయింది. భార్య లోయిస్ తెల్లవారుతూనే మట్టినేల మీద మోకరించి ప్రార్థన చేసుకునేది, లేచేటప్పుడు "అబ్బా" అనుకునేది. గట్టు పక్క ఇల్లు కదా, వానాకాలమంతా నేల చెమ్మ ఆరేది కాదు. మేస్త్రి అది విన్నాడు. ఒక పడవకు వాడగా మిగిలిన టేకు ముక్కను నున్నగా చిత్రిక పట్టి, ఒక సాయంత్రం ఆమె ముందు పెట్టాడు.

"ఇదేంటండీ?"

"పడవే. నీకు సరిపడా చేశాను."

ఆ సాయంత్రమంతా లోయిస్ నన్ను చూసి నవ్వుకుంటూనే ఉంది. ఆ నవ్వులో పొయ్యి మీద వంకాయ కూర మాడిపోయింది. మేస్త్రి ఆ మాడు కూరే రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆమె మోకాళ్ళు ఏళ్ళ తరబడి నన్ను వదల్లేదు. మేస్త్రి పోయాక కూడా వదల్లేదు. నా పలక మీద రెండు గుంటలు పడ్డాయి, ఎడమది కాస్త లోతు. మనుషుల ప్రార్థనలు వినడం సరదాగా ఉంటుంది. దేవుడికి తెలియనిది లేదంటూనే, పాలవాడు ఏ పూట నీళ్ళు కలిపాడో కూడా ఆయనకు పూసగుచ్చినట్టు చెబుతారు. లోయిస్ మామ్మ కూడా అంతే. పాలవాడి సంగతి అయ్యాక, తల్లి లేని మనవడు ఆసాపు సంగతి ఎత్తేది. అది మొదలైతే ఇక ఓ పట్టాన లేచేది కాదు.

ఆసాపుకు మాటలు వచ్చిన కొత్తలో ఆమె వాణ్ణి నా మీద నిలబెట్టేది. తను నేల మీద చాప వేసుకుని పక్కన మోకరించేది. "నీ మోకాళ్ళు ఇంకా లేతవిరా నాన్నా, నిలబడే చెప్పు" అనేది. వాడు మామ్మ నెత్తి మీద చేతులు పెట్టి, రోజూ ఒకే మాట చెప్పేవాడు. "ప్రభువా, మా మామ్మ మోకాళ్ళ నొప్పి తగ్గించు." తరవాత వాడూ అందరిలాగే మోకరించడం నేర్చుకున్నాడు, ఆ నిలబడిన రోజులు మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు. చెక్కకు జ్ఞాపకం ఉంటుంది, నోరే ఉండదు.

మనవడి పెళ్ళి చూడాలని మామ్మ నా మీద ఎన్నిసార్లు అడిగిందో! సంబంధం కుదిరింది, పిల్లను చూసి మురిసింది. పెళ్ళికి కొద్ది రోజుల ముందు నిద్రలోనే వెళ్ళిపోయింది. ఖాళీగా ఉన్న నన్ను ఆసాపు చూడలేకపోయాడు. అదే గట్టు మీద ఉన్న ప్రార్థనా గృహానికి నన్ను మోసుకొచ్చి, వసారాలో దింపేసి వెళ్ళాడు.

ఈ వేసవిలో, ఈస్టరు అయిన కొన్నాళ్ళకు, అక్కడ రిట్రీట్ అని కొద్ది రోజుల ప్రార్థన శిబిరం పెట్టారు. తొలి క్రైస్తవ సంఘాల వాళ్ళు ఎలా ప్రార్థించేవారో నేర్చుకోవడానికి. ఆసాపు భార్యతో వచ్చాడు. ఆమె పేరు హెప్సిబా. ఆ పిల్లకు సంబరం కానిది లేదు. వసారాలోకి అడుగుపెడుతూనే, "ఏవండీ, ఇక్కడి ఉడతలు చూశారా? మనల్ని చూసి పారిపోవట్లేదు!" అంది. సత్తు గ్లాసులో ఇచ్చిన టీకి సంబరం, కిటికీలోంచి కనిపించే పడవకు సంబరం. కానీ నా పక్కన నిలబడి మొగుడితో మాట్లాడినప్పుడు మాత్రం గొంతు మారింది.

"రోజూ కుటుంబ ప్రార్థనలో పాట నేనే, ప్రార్థన నేనే, ఆమెన్ కూడా నేనేనండీ. మీ గొంతు వినాలనుంది. ఒక్క మాట చాలు."

"రావట్లేదు హెప్సీ. కళ్ళు మూసుకుంటే మామ్మ గొంతే వినిపిస్తుంది, నాది లేవదు." అతను నా గుంటల మీద చెయ్యి వేశాడు. "దీని మీద ఒక్కసారి మోకరిస్తే వస్తుందేమోనని వచ్చాను."

ఆ మాటకు నేను పొంగిపోయాను. నాకు మాత్రం ఇంకేం కావాలి? కానీ రిట్రీట్ నడిపించే నతానియేలు అయ్యగారు మొదటి కూటంలోనే నా పొంగు మీద నీళ్ళు చల్లారు.

"క్రీస్తు తిరిగి లేచిన ఈస్టరు నుంచి యాభయ్యో రోజు పెంతెకొస్తు దాకా తొలి సంఘాల్లో మోకరించేవారు కాదు. తూర్పుకు తిరిగి, చేతులు చాచి, నిలబడి ప్రార్థించేవారు. మనమూ అలాగే చేద్దాం."

సంఘపెద్ద జెకర్యా గారు ఊరుకోలేదు. "నిలబడి ప్రార్థనేంటండీ అయ్యగారూ, బళ్ళో బెంచీ ఎక్కించినట్టు?"

"శిక్ష కాదండీ పెద్దాయనా. ఆయనతో లేచిన వాళ్ళం కదా, మళ్ళీ కూలబడతామా?"

"మీకేం, చెబుతారు. నిలబడేది నా నడుం!"

అందరూ నవ్వారు. ఆసాపు నవ్వలేదు. నన్ను వసారా చివరికి జరిపి, నా మీద మంచినీళ్ళ కుండ పెట్టారు. తరవాత ఎన్ని కూటాలైనా అతను చేతులు చాచి ఊరికే నిలబడ్డాడు. పెదవి కదిలేది కాదు. నీళ్ళు తాగే వంకన వచ్చి, కుండ కింద ఉన్న నన్ను చూసి వెళ్ళేవాడు. మేమిద్దరం ఒకే మనిషి కోసం బెంగపడుతున్నామని చెప్పే దారి నాకు లేదు.

చివరి రోజు ఉదయం ప్రార్థన వసారాలోనే పెట్టారు. గోదావరి అవతల సూర్యుడు లేస్తున్నాడు. మొగుడూ పెళ్ళాలు వెనక వరసలో, నా పక్కనే నిలబడ్డారు. హెప్సిబా పొట్టిపిల్ల. మునివేళ్ళ మీద లేచింది, మెడ సాచింది. ముందున్న భుజాలు తప్ప ఏమీ కనబడలేదు. చటుక్కున కుండ దించి, చెప్పులు విడిచి, నా మీదికెక్కింది.

"హెప్సీ! అది మామ్మ పీట. దిగు!" ఆసాపు గొంతు కటువుగా ఉంది.

ఆమె బెదిరిపోయింది. "నిలబడే చెయ్యమన్నారు కదండీ అయ్యగారు. నాకు తూర్పే కనబడలేదు మరి" అంటూ, దిగబోయి తూలి, అతని నెత్తి మీద చెయ్యి ఆన్చి నిలదొక్కుకుంది.

ఆ చెయ్యి కింద అతను కదలకుండా ఉండిపోయాడు. కళ్ళు కిందికి దిగాయి. మామ్మ మోకాళ్ళ గుంటల్లో రెండు చిన్న పాదాలు కుదురుగా ఒదిగి ఉన్నాయి. ఒకప్పుడు అంతకన్నా చిన్న పాదాలు అక్కడే నిలబడ్డాయి. అతనికి గుర్తొచ్చిందని నాకు తెలిసింది, జారబోయిన ఆమె చేతిని తన నెత్తి మీదే పట్టి ఉంచాడు.

"ప్రభువా" అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తరవాత, పిల్లవాడు అడిగినట్టు అడిగాడు. "మా మామ్మ మోకాళ్ళ నొప్పి ఇప్పుడెలా ఉంది?"

హెప్సిబాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు నిండిపోయాయి. అలవాటు కొద్దీ "ఆమెన్" అనేసింది.

"ఉండు" అన్నాడు ఆసాపు. "ఇంకా అవలేదు."

వెళ్ళేటప్పుడు నన్ను తీసుకెళ్ళమని అయ్యగారు చెప్పారు. ఆసాపు పెళ్ళాం వైపు చూశాడు. "ఇక్కడే ఉండనివ్వండి, వచ్చే వేసవిలో మళ్ళీ రావడానికి వంక కావాలిగా" అంది ఆమె.

పెంతెకొస్తు ఇంకా రాలేదు, నా మీద మోకరించేవాళ్ళు లేరు. కుండ మళ్ళీ నా మీదికి ఎక్కింది. అది చెమర్చి, రెండు గుంటల్లోనూ చుక్క చుక్కగా నీళ్ళు నిలుస్తున్నాయి. పొద్దున్నే ఒక ఉడత వచ్చి ఎడమ గుంటలో మూతి పెట్టి తాగుతుంది, ఎవరొచ్చినా పారిపోదు. హెప్సిబా చూస్తే ఎంత సంబరపడేదో!