ప్యాకింగ్ కాగితం మీద మూడు చుక్కలు

ఆ వానాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: విప్పి పరిచిన ఒక చిన్న ట్రాక్టర్, దాన్ని పది రోజుల్లో నిలబెట్టి ఇస్తానని లింగవ్వకు చెప్పిన మాట, ఆ మాట నిలబెట్టగల ఒకే ఒక్క పనిమంతుడు అంతయ్య. అంతయ్యతో నాకు పదకొండేళ్ల పరిచయం. దాన్ని కూడా ఆస్తి కిందే రాసుకున్నాను.

హుజూరాబాద్‌లో పాత ట్రాక్టర్లు కొని, బాగు చేయించి అమ్మడం నా పని. పెద్ద బండ్ల బేరం అందరూ చేస్తారు. నేను పట్టుకున్నది తోట ట్రాక్టర్లు, మామిడి కొమ్మల కింద దూరి పోయే చిన్నవి. ఈ బండిని ఆదిలాబాద్ అవతల ఒక పత్తి రైతు కొట్టంలోంచి తెచ్చాను. ఆరేళ్లుగా దాని సీటు మీద కోళ్లు పొదిగాయి. ఇంజను మంచిది. టైర్లు రెండేళ్లు నడుస్తాయి. చెడింది గేరుబాక్సు డబ్బా ఒక్కటే.

పోత ఇనుముతో చేసిన ఆ బీడు డబ్బా ఏడు బోల్టులతో ఇంజనుకు బిగుస్తుంది. ఏడు రంధ్రాల్లో నాలుగింటికి లోపలి చూడీలు, అంటే బోల్టును పట్టుకునే మరలు, పోయాయి. సన్న చూడీ ఉన్న చోట ఎవడో మోటు చూడీ బోల్టు దూర్చి, పానాకు పైపు తగిలించి తిప్పినట్టున్నాడు. లోపలి మరలన్నీ పొడి అయ్యాయి. బోల్టు పెడితే రెండు వేళ్లతో లాగినా ఊడి వస్తోంది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్త డబ్బా లేదు. పాతదాని కోసం హైదరాబాద్ దాకా అడిగాను, దొరకలేదు. ఈ డబ్బా పోతే బండి మొత్తం పాత ఇనుము తూకానికే.

లింగవ్వది హుస్నాబాద్ దగ్గర ఆరెకరాల మామిడి తోట. భర్త మస్కట్‌లో ఉంటాడు, తోట ఆమే చూసుకుంటుంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"సేటూ, గిది నా తోటల ఆగిపోతే నేనేం లొల్లి పెట్ట. నీ దుకాణం ముంగట ట్రాక్టర్ నిలవెట్టి దాని మీద కూసుంట. వచ్చే పోయేటోళ్లకు నేనే చెప్త, గిది ముకర్రం సేటు అమ్మిన బండి అని."

"అంతయ్య చేతి పని అవ్వా. ఆగదు."

"అంతయ్య ఎవ్వలో నాకు తెల్వది. నాకు తెలిసింది నువ్వే."

ఆమె చుట్టుపక్కల ఇంకో పదిహేను తోటలున్నాయి. ఆమె బండి తిరిగితే వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. ఆగితే హుస్నాబాద్ దారి నాకు మూసుకుపోయినట్టే.

డబ్బాను ఆటోలో ఎక్కిస్తుంటే జియావుల్లా కనబడ్డాడు. అతనిదీ నా వ్యాపారమే. ఆగి, డబ్బాను కిందికీ మీదికీ చూశాడు.

"అంతయ్య కాడికేనా భాయ్?"

"ఇంకెవరు చేస్తరు?"

"చేసుడైతే మంచిగనే చేస్తడు." అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగాడు. "జర చూసుకో. గీ మోడల్ డబ్బాకు ఇప్పుడు గిరాకీ మస్తున్నది. మంచిది ఉంచుకొని, పగిలినదానికి అతుకేసి ఇచ్చిండట ఒకలకు. నేనన్ననని చెప్పకు."

"ఎవరికి ఇచ్చిండు?"

"పేర్లెందుకు భాయ్. నీ మంచికే చెప్పిన."

నవ్వి కొట్టిపారేయాల్సిన మాట. కానీ వ్యాపారం చేసేవాడికి ఉచితంగా వచ్చిన మాట కూడా సరుకే. పారేయలేకపోయాను. డబ్బాను మళ్లీ దించి, దుకాణం వెనక్కి తీసుకుపోయి, ఇనుము మీద చుక్క గుర్తు పెట్టే సెంటర్ పంచ్‌తో నాలుగో రంధ్రం పక్కన మూడు చుక్కలు కొట్టాను. బోల్టు విప్పగానే నాకు కనబడాలి, తెలియనివాడికి తుప్పు గుంటల్లా ఉండాలి. అలాంటి చోటు వెతికి మరీ కొట్టాను. పదకొండేళ్లలో అంతయ్యకు ఇచ్చిన సరుకు మీద గుర్తు పెట్టడం అదే మొదటిసారి.

అంతయ్య శ్రీరాంపూర్ బొగ్గు గనుల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఒక్కడే పని చేస్తాడు. డబ్బాను బల్ల మీద పెట్టించుకుని, చిటికెన వేలు ఒక్కో రంధ్రంలో పెట్టి తిప్పి చూశాడు.

"నాలుగు బొక్కలు పెద్దగ చేసి, లోపల కొత్త చూడీల బుష్షులెయ్యాలె భాయ్. అయిదో నాడు రా. నడుమల రాకు. నువ్వు నిలవడితే నా చెయ్యి ఆగమైతది."

ఎప్పుడూ చెప్పే మాటే. ఎప్పుడూ వినేవాణ్ని. ఈసారి, నడుమ ఎందుకు రావద్దంటున్నాడు అనిపించింది.

రెండో రోజు ఉండబట్టలేక వెళ్లాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. అంతయ్య ట్యాప్ హ్యాండిల్ పట్టుకుని చూడీలు కోస్తున్నాడు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా రంధ్రంలోంచి నల్లటి బీడు పొడి రాలుతోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"షట్టరెందుకు దించినవు?"

"దుమ్ము. లారీలు పోతున్నయి."

షెడ్డు మూలలో గోనెసంచి కప్పిన సామాను ఒకటి ఉంది. దాని అంచు చూస్తే నాకు తెలిసిన అంచే. కాలితో సంచి కొస తొలగించాను. అదే మోడల్ డబ్బా. హైదరాబాద్‌లో నాకు దొరకనిది అంతయ్య షెడ్డులో గోనెసంచి కింద పడి ఉంది.

"ఇదెవరిది?"

"ఒకలది."

"ఎవరిదని అడుగుతున్న."

ఇప్పుడు చెయ్యి ఆగింది. "గిట్లనే వాళ్లొచ్చి నీ డబ్బా ఎవ్వలిదని అడిగితే, చెప్పమంటవా?"

చెప్పమనలేను. ఎవరి సరుకు ఎవరిదో బయటపెట్టడన్న కారణంతోనే కదా పదకొండేళ్లుగా అతని దగ్గరికి వస్తున్నది. అయినా ఆ జవాబు నాకు తప్పించుకున్నట్టే వినిపించింది. దారి పొడవునా కూడుకుంటూ వచ్చాను: రావద్దన్నాడు, షట్టరు దించాడు, ఇంకో డబ్బా దాచాడు, పేరు చెప్పలేదు. నాలుగూ కలిపితే జియావుల్లా చెప్పిన మాటే తేలింది.

అయిదో రోజు పొద్దున వెళ్లేసరికి లింగవ్వ నాకంటే ముందే షెడ్డు ముందు నిలబడి ఉంది. బస్సు దిగి, బాగు చేసేవాణ్ని తన కళ్లతో చూసుకుందామని అడుగుతూ వచ్చిందట. డబ్బా బల్ల మీద ఉంది. మట్టి, జిడ్డు, పాత ఆకుపచ్చ రంగు అన్నీ పోయి బూడిద రంగులో శుభ్రంగా ఉంది. ఇచ్చిన వస్తువులా లేదు. నేరుగా నాలుగో రంధ్రం దగ్గరికి వెళ్లాను. కొత్త బుష్షు మెరుస్తోంది. దాని చుట్టూ అద్దంలా చదును. వేలితో తడిమాను. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను.

మూడు చుక్కలు లేవు.

"ఇది నా డబ్బా కాదు," అన్నాను.

అంతయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు. "ఏమన్నవు?"

"నా డబ్బా కాదంటున్న. నాది గా సంచి కిందున్నది. నాది ఉంచుకొని ఎవనిదో నాకంటగడుతున్నవు."

"ముకర్రం భాయ్, మాట జర చూసుకొని మాట్లాడు."

"నేను గుర్తు పెట్టిన. నాలుగో బొక్క పక్కన. ఏదీ, చూపెట్టు."

లింగవ్వ ఒకసారి నా మొహం, ఒకసారి అతని మొహం చూసింది. "గట్లయితే నా బండికి ఏ డబ్బా పెడ్తున్నరు? ఒక్క మాట చెప్పుండ్రి, బస్సెక్కి పోత."

అంతయ్య చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. గోడ మేకుకు తగిలించిన కాగితాల్లోంచి ఒకటి తీశాడు. డబ్బాకూ ఇంజనుకూ మధ్య నూనె కారకుండా పెట్టే ప్యాకింగ్ కోసం వాడే మందపాటి కాగితం.

"ఏ డబ్బా వచ్చినా, పనికి ముందుగాల నేను గిది తీస్త," అని లింగవ్వకు చెప్పాడు. "బోల్టు బిగించే మొగం మీద కాగితం పరిచి, నూనె వేలితోని రుద్దుత. బొక్కలు, అంచులు, గుంటలు ఏమున్నా అచ్చు పడ్తయి. బుష్షులేసినంక బొక్క ఎటన్న జరిగిందా అని దీంతోనే చూసుకుంట. గనుల కాడ నేర్చుకున్న పద్ధతి. చూడవ్వా."

కాగితాన్ని వెలుతురుకు పట్టాడు. ఏడు రంధ్రాల నల్లటి గుండ్రాలు. కుడి వైపు కింది మూల, జిడ్డు మట్టి కింద ఇన్నాళ్లూ నాకు కనబడని ఒక విరిగిన ముక్క ఆకారం. నాలుగో గుండ్రం పక్కన, వరసగా, మూడు చుక్కలు.

"నువ్వు కొట్టిన చుక్కలు మొదటి రోజే చూసిన భాయ్," అన్నాడు. "అడుగుదామనుకున్న. నువ్వే చెప్తవేమోనని ఊకున్న."

నేను మళ్లీ డబ్బా వైపు తిరిగాను. "మరి ఇప్పుడేవి?"

"నువ్వు కొట్టింది ఎక్కడ? ప్యాకింగ్ కూసునే మొగం మీద. పంచ్‌తోని కొడితే చుట్టూ అంచు లేస్తది. గా అంచు మీద ప్యాకింగ్ సక్కగ కూసోది. సందుల నుంచి నూనె కారుతది. బుష్షేసినంక ఎట్లాగూ మొగం సాపు చెయ్యాలె. గందుకని గా చుక్కలు పోయేదాక ఆకురాయి పట్టిన."

లింగవ్వ కాగితం అందుకుంది. తనే డబ్బా మీద పరిచింది. ఏడు రంధ్రాలకు ఏడు గుండ్రాలు. విరిగిన మూల మీద విరిగిన మూల. అంతటితో ఊరుకోలేదు. మూలకు వెళ్లి గోనెసంచి లాగి, ఆ రెండో డబ్బా మీద కూడా పరిచింది. రంధ్రాలు సరిపోయాయి, కానీ ఆ డబ్బాకు మూల విరిగి లేదు. నడుము మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"మొగోళ్లు గుర్తులు వెట్టుకునుడు మంచిగనే ఉన్నది. గా చుక్కలు ఉండిపోతే నా తోటంత నూనె కారుతుండె. గప్పుడు ఎవ్వల దుకాణం ముంగట కూసుందును? దొంగ అని ఈయననే తిట్టుదువు గదా నువ్వు?"

"తిట్టేవాణ్నే," అన్నాను. అబద్ధం చెప్పడానికి అక్కడ చోటు లేదు.

"అంతయ్యా, నాకు చుక్కలు కనబడకపోయేసరికి..." అని మొదలుపెట్టాను. అతను డబ్బా పక్కన ఏడు బోల్టులు వరసగా పెడుతున్నాడు.

"బిగించి చూసుకోండ్రి," అన్నాడు. "ఏడు బోల్టులూ మీ చేతితోనే. మల్ల నేనేమన్న జేసిననంటరు."

నేనే బిగించాను. ఒక్కో బోల్టు వేళ్లతో తిప్పితేనే సాఫీగా దిగింది. చివర పానా వేసి బలం కొద్దీ లాగితే రాయిలా ఆగింది. లింగవ్వ కూడా ఒకదానికి పానా వేసి వేలాడినంత పని చేసింది. కదలలేదు.

వారం తర్వాత జియావుల్లా ట్రాలీ ఆటోలో ఆ రెండో డబ్బా నా దుకాణం ముందు నుంచే పోయింది. నాలుగు కొత్త బుష్షులు ఎండకు మెరుస్తున్నాయి. జియావుల్లా రోడ్డు అవతలి వైపు చూస్తూ పోయాడు. నేను అంతయ్యను వదిలేస్తే అతని చెయ్యి మొత్తం తనకే దొరుకుతుందని లెక్క వేసి ఉంటాడు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. ఆ మాటను కొన్నవాణ్ని నేను. ఆ డబ్బా ఎవరిదో అంతయ్య ఇప్పటికీ చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

చివరికి తేలింది ఇది. లింగవ్వ బండి రెండు వానాకాలాలు తిరిగింది. గేరుబాక్సు కింద మట్టి మీద నూనె మచ్చ లేదు. ఆమె చెప్పగా ఆ వైపు తోటలకు ఇంకో మూడు బండ్లు అమ్మాను. మూడింటి చూడీలూ అంతయ్యే చేశాడు. పని ముందులాగే ఉంది, గట్టిగా, మాట ఇచ్చిన రోజుకు. కాకపోతే ఇప్పుడు నడుమ రావద్దని అనడం లేదు. బోర్లించిన నూనె డబ్బా ఒకటి షెడ్డులో నా కోసం పెట్టాడు. నేను దాని మీద కూర్చుంటే తప్ప నా సరుకు ముట్టుకోడు. మొదటి బోల్టు విప్పే ముందు నాకు సుద్దముక్క ఇస్తాడు.

"గుర్తు వెట్టుకోండ్రి ముకర్రం సాబ్. మొగం మీద కాదు, పక్కకు."

పెడతాను. పూట పూటంతా అక్కడే కూర్చుంటాను. భాయ్ అని గానీ, నువ్వు అని గానీ ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా అంతయ్య నన్ను పిలవలేదు.