పుట్టిన వరసలో ఇరవయ్యొకటి

జగదీశ్వరరావుకి జపానువాడెవడో మందు పెట్టాడని, అందుకే ఇళ్లకి జాతకాలు రాస్తున్నాడని మంగాయమ్మ కొళాయి దగ్గర అన్నదట. ఆ మాట పక్కగది అచ్చెన్న మోసుకొచ్చాడు.

మందేమీ కాదు, బొమ్మకార్డులు. పబేడాన్‌ పేటలో ఫొటోలు తీసే జపాను ఆయన చూపించాడు. మొన్నటి భూకంపానికి కూలి కాలిపోయిన టోక్యో మళ్లీ లేస్తోంది. అక్కడ ఇళ్ల నెంబర్లు బారుగా ఉండవట. ముందు కట్టిన ఇల్లు ఒకటి, ఆ తర్వాత కట్టింది రెండు, అది ఏ మూలనున్నా సరే. ఇంటికీ పెద్దరికం ఉంటుందన్న మాట జగదీశ్వరరావుకి తెగ నచ్చింది. కాలేజీలో రెండుసార్లు తప్పిన తలలో ఖాళీ జాగాకి కొదవ లేదు. ఏది దూరినా కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది.

సేక్కాన్ రేవు దగ్గర వాళ్ల సందులో ఇరవయ్యొక్క గదులు. ఏది ఎప్పుడు లేచిందో ముసలివాళ్లని అడిగి, తలుపుల మీద తారుతో నెంబర్లు వేశాడు. సందు చివర, అన్నిటికంటే ముందు కట్టిన నరసమ్మ గది ఒకటో నెంబరు. సందు మొదట్లో, అందరికంటే ఆఖర్న కట్టిన తన గది ఇరవయ్యొకటి. ఏళ్ల తరబడి సముద్రం దాటి రానన్న భార్య బాలామణి, "వచ్చి చూస్తాను, నచ్చకపోతే అదే ఓడలో వెనక్కి" అని ఎవరిచేతో రాయిస్తే, బదులుగా సందు గుర్తుతో ఆ నెంబరే రాసి పంపాడు.

ఓడ వచ్చిన రోజు అచ్చెన్న అడిగాడు. "రేవుకెల్లవేటి, బాబూ?"

"నెంబరుండగా మనిషెందుకురా? గుడ్డివాడైనా తడుముకుంటూ వచ్చేస్తాడు."

బాలామణికి అక్షరాలు రావు, లెక్క వచ్చు. చిక్కంతా అక్కడే. నెత్తిన పెట్టెతో సందులోకొచ్చి, మొగుడి గుమ్మం దగ్గరే "ఒకటి" అని వేలు మడిచి ముందుకు నడిచింది. ఆ వేళకి అతను గుమ్మానికి వీపు పెట్టి, గోడకి టోక్యో బొమ్మ అంటిస్తున్నాడు. ఆమె లెక్కకి ఇరవయ్యొకటైన నరసమ్మ తలుపుకి తాళం. నరసమ్మ బియ్యం మిల్లు నుంచి దీపాలవేళకి వచ్చేదాకా బాలామణి ఎండలో పెట్టెమీదే కూర్చుంది.

అన్నం చల్లారాక రేవుకి పరుగెత్తి, వట్టి చేతులతో తిరిగొచ్చిన జగదీశ్వరరావు గుమ్మం ముందు సందంతా మూగి ఉంది. నరసమ్మ బాలామణిని చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెట్టింది.

"అది కాదు బాలామణీ, టోక్యోలో ఇళ్లకి వయసు చూసి..." అని అతను గోడమీది బొమ్మ చూపించబోయాడు.

బాలామణి బొమ్మ వైపు చూడలేదు. మళ్లీ నెత్తికెత్తుకున్న పెట్టె కూడా దించలేదు.

"ఆ ఓడ శుక్రారం తిరిగెల్తాది. దానికి నెంబరక్కర్నేదు, నానే ఎతుక్కోగల్ను."